పిండిమర దగ్గర అమ్మ

మా ఇంట్లో అమ్మ గురించి ఒక మాట ఉండేది. "దానికి కావలసినవే వినపడతాయి" అని. మొదట అన్నది మా నాయనమ్మ. తర్వాత నాన్నగారు, మేనత్తలు, చివరికి పిల్లలం ముగ్గురం కూడా ఆ మాట నేర్చుకున్నాం. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని నాయనమ్మ వాకిట్లోంచి కేకేస్తే అమ్మ పలికేది కాదు. భోజనాల దగ్గర నాన్నగారు తల వంచుకుని మజ్జిగ అడిగితే పప్పుగిన్నె తెచ్చేది. అదే పొరుగింటావిడ దడి అవతల నుంచి గొంతెత్తి ఏదైనా అంటే నవ్వుతూ జవాబిచ్చేది. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అత్తగారి మాటకీ మొగుడి మాటకీ చెవుడు, ఇరుగమ్మల కబుర్లకి మాత్రం లేదు అని మా ఇంట్లో తీర్మానమైపోయింది.

ఆ తీర్మానానికి చివరి సంతకం నాది. ఇన్నేళ్ళ తర్వాత ఇది రాయడానికి కారణం అదే.

1976 సంక్రాంతికి ముందు సంగతి. నాకు 10 ఏళ్ళు. తెనాలి దగ్గర మా ఊళ్ళో ఒకటే పిండిమర ఉండేది. పండగ ముందు రోజుల్లో అరిసెల కోసం నానబెట్టి ఆరేసిన బియ్యం పట్టించుకోడానికి ఊళ్ళో ఆడవాళ్ళందరూ అక్కడే. గిన్నెలు వరసలో పెట్టి పక్కన నిలబడేవాళ్ళు. మోటారు రొద, పట్టా టపటపలు, పైనుంచి కింద దాకా వణికే రేకుల కప్పు. పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే అరవాలి. నాకు ఎవరి మాటా ఒక్క ముక్క అందలేదు. అమ్మ మాత్రం ఆ రొదలో ఒకావిడ కోడలి కాన్పు కబుర్లు వింది, ఇంకొకావిడకి పాకం ఎక్కడ దింపాలో చెప్పింది, మరాయన ఏదో హాస్యమాడితే అందరికంటే ముందు నవ్వింది. అమ్మ అట్లా గలగలా మాట్లాడటం నేను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. ఒళ్ళంతా తెల్లటి పిండి పడి, కొప్పు మీద కూడా పిండి పడి, అమ్మ ఎవరో కొత్త మనిషిలా ఉంది.

ఇంటికొచ్చి ఆ ఆశ్చర్యాన్ని ఉన్నదున్నట్టు చెప్పాను. "మర దగ్గర అందరికంటే అమ్మకే బాగా వినపడింది నాయనమ్మా" అన్నాను. నాయనమ్మ ఏమీ అనలేదు. నాన్నగారి వైపు చూసింది, అంతే. పండగ వెళ్ళాక అమ్మని గుంటూరు తీసుకెళ్ళి చెవుల డాక్టరుకి చూపించాలని మా మేనమామ పట్టుబట్టి ఒప్పించి ఉన్నాడు. ఆ ప్రయాణం మళ్ళీ మాటల్లోకి రాలేదు. నేను అబద్ధం చెప్పలేదు. చూసింది చూసినట్టు చెప్పాను. దానితోనే అమ్మ దొంగ అని తేలిపోయింది.

1999లో నాకు 33 ఏళ్ళు. డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. రెండో కాన్పయి రెండేళ్ళు దాటింది. వెనక బెంచీల్లోంచి పిల్లలు అడిగే సందేహాలు అందడం మానేశాయి. ముందు వాళ్ళే నసుగుతున్నారనుకున్నాను, తర్వాత ఫ్యాను చప్పుడనుకున్నాను. స్టాఫ్ రూములో ప్రిన్సిపాల్‌గారి బొంగురు గొంతు మొట్టమొదట పోయింది. ఆయన మాట్లాడుతుంటే తల ఊపడం నేర్చుకున్నాను. ఒకసారి ఆయన వాళ్ళ అన్నగారు పోయారని చెబుతుంటే "చాలా సంతోషం సార్" అన్నాను. ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ కొత్తగా ప్రాక్టీసు పెట్టిన మనిషి. చెవిలో లైటు వేసి చూసి కర్ణభేరి బాగానే ఉందంది. తర్వాత సైన్సు లాబుల్లో ఉండే శ్రుతిదండం తీసి మోగించి చెవి ముందు పెట్టింది. చాలా సన్నగా వినపడింది. అదే దండం మొదలు చెవి వెనక ఎముకకి ఆనించేసరికి తలంతా మోగింది. రెండు మూడుసార్లు అట్లా చేసి, "బస్సులో వెళ్ళేటప్పుడు మీకు పక్కవాళ్ళ మాట ఇంట్లో కంటే బాగా వినపడుతుందా?" అని అడిగింది.

నేను జవాబు చెప్పలేదు. వెంటనే నాకు కనబడింది పిండిమర. కొప్పు మీద పిండి.

"మీ అమ్మగారికో అమ్మమ్మగారికో చెవుడు ఉందా?" అని ఆవిడ రెండో ప్రశ్న వేసింది.

నా జబ్బు పేరు ఓటోస్క్లిరోసిస్. చెవి గురించి హైస్కూల్లో చదువుకున్నది కొంచెం గుర్తు చేసుకోవాలి. కర్ణభేరి వెనక గాలి నిండిన చిన్న గదిలో మూడు ఎముకలు గొలుసులా ఉంటాయి. కూటకం, దాగలి, అంకవన్నె అని మన పాఠ్యపుస్తకాల్లో కంసాలి కొట్టులోంచీ గుర్రపు జీను మీంచీ తెచ్చిన పేర్లు పెట్టారు. చివరిదైన అంకవన్నె మనిషి ఒంట్లో అన్నిటికంటే చిన్న ఎముక. పొడవు 3 మిల్లీమీటర్లు, బియ్యపు నూకంత. కర్ణభేరి మీద పడ్డ కదలిక ఆ నూక దాకా వచ్చి, అది పిస్టనులా లోచెవి కిటికీలో ముందుకీ వెనక్కీ ఆడితే లోపలున్న ద్రవం కదులుతుంది, నరం అందుకుంటుంది. లోచెవి చుట్టూ ఉండే ఎముక ఒంట్లోకెల్లా గట్టిది. తల్లి కడుపులో ఉండగానే పూర్తి కొలతకి వచ్చేస్తుంది. మిగతా ఎముకలన్నీ బతికినంతకాలం కొద్దికొద్దిగా అరిగి మళ్ళీ కట్టుకుంటూ ఉంటాయిగానీ ఇది మామూలుగా ఆ పని చెయ్యదు. ఈ జబ్బులో చేస్తుంది. అక్కడక్కడ మెత్తబడి, మళ్ళీ అడ్డదిడ్డంగా పెరిగి, ఆ నూకని కిటికీకి అతికించేస్తుంది. తుప్పు పట్టిన గడియలాగా అది ఇక ఆడదు. శబ్దం గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది. లోపల నరం మాత్రం చాలా ఏళ్ళపాటు బాగానే ఉంటుంది, అందుకే దండం ఎముకకి ఆనించినప్పుడు తల మోగింది.

రొదలో బాగా వినపడటానికి కూడా ఒక పేరుంది, ఒక కథ కూడా ఉంది. 17వ శతాబ్దంలో థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఒక చెవిటి స్త్రీ గురించి రాశాడు. పక్కన డోలు వాయిస్తుంటేనే ఆమెకి మాటలు వినపడేవట. ఆమె భర్త డోలు వాయించేవాణ్ణి పనికి పెట్టుకుని, అతను వాయిస్తుండగా భార్యతో మాట్లాడేవాడట. ఇప్పటికీ వైద్యులు ఈ లక్షణాన్ని విల్లిస్ పేరుతోనే పిలుస్తారు. ఆ స్త్రీ పేరు ఎవరూ రాయలేదు. రొదలో అందరూ తమకి తెలియకుండానే గొంతు పెంచుతారు. మామూలు చెవులవాళ్ళకి ఆ పెంచిన గొంతు రొదలో కలిసిపోతుంది. మాలాంటివాళ్ళకి రొద సగం బయటే ఆగిపోతుంది, పెంచిన గొంతు మాత్రం వినపడే మట్టానికి చేరుతుంది. ఇంతే సంగతి. ఆ ఇంగ్లీషు భర్త మీద నాకు ఒకపక్క ముచ్చట, ఒకపక్క అనుమానం. భార్యతో మాట్లాడాలని ఆయనకి అంత ఉబలాటం ఉండేదో, లేక ఆవిడకి చెప్పాల్సిన పనులు అన్ని ఉండేవో. ఏదైనా, మా నాన్నగారు డోలు వాయించేవాణ్ణి పెట్టుకోలేదు.

ఈ జబ్బులో ఇంకో విచిత్రం ఉంది. మొదట పోయేవి మంద్ర స్వరాలు. వయసు మీద పడ్డాక వచ్చే చెవుడు ఇందుకు పూర్తిగా తిరగేసి ఉంటుంది. అందులో మొదట సన్నటి ధ్వనులు పోతాయి. స, శ, ఫ లాంటి అక్షరాలు పోతాయి, ఆడవాళ్ళ గొంతులూ పిల్లల గొంతులూ పోతాయి. మా మామగారికి ఆ చెవుడే. ఆయనకి కొడుకుల మాటలు వినపడేవి, కోడళ్ళ మాటలు వినపడేవి కావు. "ముసలాయనకి వయసుతో చెవి మందగించింది" అని అందరం సర్దుకుపోయాం. ఎవరూ ఆయన్ని దొంగ అనలేదు. మా అమ్మకి నాన్నగారి గొంతు ముందు పోయింది. అది మొగుణ్ణి లెక్కచెయ్యకపోవడం కింద జమ పడింది.

అన్నిటికంటే నన్ను కుదిపేసిన సంగతి ఇంకొకటి. మా అమ్మ చాలా నెమ్మదిగా మాట్లాడేది. "ఆవిడ మాట గడప దాటదు" అని మా వైపు చుట్టాలంతా మెచ్చుకునేవాళ్ళు. నాయనమ్మ కూడా, మిగతా విషయాల్లో ఎంత సాధించినా, ఈ ఒక్కదాంట్లో అమ్మకి మార్కులు వేసేది. నాకు పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళేటప్పుడు, "మీ అమ్మలా మెత్తగా మాట్లాడటం నేర్చుకో" అని చెప్పినవాళ్ళు కనీసం పదిమంది ఉంటారు. డాక్టరు చెబితే తెలిసింది, అది కూడా జబ్బు లక్షణమేనని. బయటి శబ్దాలు లోపలికి రావుగానీ, తన గొంతు తనకి ఎముకల గుండా లోపల గట్టిగా మోగుతుంది. తాను అరుస్తున్నానేమోనని మనిషి గొంతు తగ్గించుకుంటుంది. నరం దెబ్బతిన్న చెవుడైతే తన గొంతూ తనకి వినపడక పెద్దగా మాట్లాడతారు. అమ్మకి రెండో రకం వచ్చి ఉంటే గయ్యాళి అనిపించుకునేది. మొదటి రకం రావడం వల్ల సాధ్వి అయింది. నేను ఆడవాళ్ళ అణకువ మీద సెమినార్లలో పేపర్లు చదివిన మనిషిని. ఆ పేపర్లలో అమ్మని పేరు చెప్పకుండా ఉదాహరణగా వాడాను. అణచివేత ఎట్లా గొంతులోకి ఇంకిపోతుందో చెప్పడానికి ఆమె గొంతు నాకు పనికొచ్చింది. అంకవన్నె అనే బియ్యపు నూక గురించి నాకప్పుడు తెలియదు. ఆ పేపరు ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో చెప్పింది తప్పని కూడా అనలేను. చెవుడు గొంతు తగ్గించింది, తగ్గిన గొంతుని ఇల్లు మెచ్చుకుంది, మెచ్చుకున్నది కాబట్టి ఎందుకు తగ్గిందని ఎవరూ అడగలేదు.

కారణం కూడా అమ్మ మీదే పెట్టారు. నేను పుట్టినప్పుడు బాలింతగా ఉండి చెవుల్లో దూది పెట్టుకోలేదట, తలకి గుడ్డ కట్టుకోకుండా పెరట్లోకి వెళ్ళిందట, చలిగాలి కొట్టి చెవులు పోయాయట. తర్వాత రెండు కాన్పులకీ మా అమ్మమ్మ దగ్గరుండి దూది పెట్టింది. అయినా చెవుడు పెరిగింది. అప్పుడు నాయనమ్మ, "మొదటిసారి దూరిన గాలి బయటికెట్లా పోతుంది?" అంది. వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవుల్లో పోశారు. (ఆ నూనె వల్ల మేలు లేకపోగా చెవిలో బూజు పట్టే ప్రమాదం ఉందని ఎంతమంది డాక్టర్లు చెప్పినా మన ఇళ్ళల్లో ఈ వైద్యం ఆగలేదు. చీము కారే చెవుల్లో పోస్తే మరీ ప్రమాదం. మా ఇంట్లో పనిచేసిన ఆవిడ కూతురికి చిన్నప్పటి నుంచీ చెవి కారుతూ ఉండేది. పేద పిల్లల్లో చెవుడుకి అది పెద్ద కారణం. మందులతో, చిన్న ఆపరేషనుతో బాగయ్యేది. బడిలో ఆ పిల్లని మొద్దు అని వెనక కూర్చోబెట్టారు.)

కాన్పులకీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని వైద్య పుస్తకాలు కూడా చాలాకాలం రాశాయి. జబ్బు తేలేది ఎక్కువగా 20, 30 ఏళ్ళ వయసుల్లో. మగవాళ్ళకి ఒకరికి వస్తే ఆడవాళ్ళకి ఇద్దరికి వస్తుందని లెక్క. ఆ వయసులో ఆడవాళ్ళకి కాన్పులూ ఉంటాయి. రెండూ కలిసి కనబడ్డాయి కాబట్టి హార్మోన్ల మీదికి పోయింది చూపు. పిల్లల్ని కన్న స్త్రీలనీ కనని స్త్రీలనీ పక్కపక్కన పెట్టి పోల్చిన తర్వాతి అధ్యయనాల్లో కొన్నింటికి వినికిడిలో తేడా కనబడలేదు. ఏమైనా దూదికి మాత్రం ఏ సంబంధమూ లేదు. వంశపారంపర్యం ఉంది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచి వచ్చినా చాలు, బిడ్డకి వచ్చే అవకాశం సగం. అయితే ఆ వారసత్వం అందుకున్న వాళ్ళందరికీ చెవుడు రాదు. మా తమ్ముళ్ళిద్దరికీ లేదు.

నేను 2001లో ఎడమ చెవికి ఆపరేషను చేయించుకున్నాను. మొదటిసారి ఈ ఆపరేషను ఇప్పటి రూపంలో చేసినవాడు జాన్ షే అనే అమెరికను డాక్టరు. 1956లో, మెంఫిస్ నగరంలో, ఒక స్త్రీకి. బిగుసుకుపోయిన అంకవన్నెని తీసేసి దాని చోట టెఫ్లాన్‌తో చేసిన చిన్న ముక్క పెట్టాడు. ఇప్పుడు అంకవన్నె అడుగున సన్నటి రంధ్రం చేసి పిస్టను దింపుతున్నారు. 1956 అన్న అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మేం పిండిమర నుంచి ఇంటికి వచ్చిన రోజుకి ఆ వైద్యం పుట్టి 20 ఏళ్ళు. గుంటూరులో కాకపోతే మద్రాసు వెళ్ళాల్సింది, అంతే.

నాకు మత్తు చెవి చుట్టూ మాత్రమే ఇచ్చారు. తల పక్కకి తిప్పి గుడ్డ కప్పారు. ఎవరో చెవిలో సూదితో గీస్తున్నట్టు, గచ్చు మీద బిందె ఈడుస్తున్నట్టు శబ్దం. తర్వాత ఉన్నట్టుండి పళ్ళెంలో ఏదో ఇనుప సామాను పడ్డ చప్పుడు ఎంత స్పష్టంగా వచ్చిందంటే ఉలిక్కిపడ్డాను. "కదలకండి" అంది డాక్టరు. ఆ మాట గుసగుసగా అంది, నాకు వినపడింది. మూడు రోజులు తల తిరిగింది. ముక్కు చీదకూడదు, బరువులెత్తకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. నాలుక మీద రుచి తెలిపే నరం ఒకటి ఆ చెవి గదిలోంచే పోతుందట, దాన్ని పక్కకి జరపడం వల్ల నాలుగు నెలలపాటు నాలుక ఎడమ వైపు ఇనుము నాకినట్టు ఉండేది. పప్పుచారు ఇనుము, మామిడిపండు ఇనుము. ఇంటికొచ్చాక మొదట విన్నది ట్యూబులైటు చోకు మూలుగు. అది మూలుగుతుందని నాకు అంతకుముందు తెలియదు. మా ఆయన్ని లేపి చూపించాను.

కుడి చెవికి చేయించుకోలేదు. నూటికి ఒకరికి ఆ చెవిలో వినికిడి పూర్తిగా పోయే ప్రమాదం ఉంటుంది. అన్ని గుడ్లూ ఒకే గంపలో పెట్టొద్దని డాక్టరమ్మే చెప్పింది. ఇప్పుడా చెవికి మిషను పెట్టుకుంటాను. రాత్రి మిషను తీసేశాక హోరు మొదలవుతుంది. సముద్రం ఒడ్డున పడుకున్నట్టు ఉంటుందని చెబితే అందరూ అది హాయి అనుకుంటారు.

ఈ మధ్యకాలమంతా నేను మన సభలకి వస్తూనే ఉన్నాను. వరసగా ముందు కుర్చీలో కూర్చుంటానని నాకు పొగరని పేరు. ఎవరైనా పక్కనుంచి కుడి చెవిలో ఏదో అంటే తల తిప్పి ఎడమ చెవి ఇస్తాను, వాళ్ళకి నేను మొహం తిప్పుకున్నట్టు ఉంటుంది. పుస్తకావిష్కరణల్లో మైకు ముందు అందరూ బాగానే మాట్లాడతారు. ప్రాణమంతా ఉండేది తర్వాత, వరండాలో, టీ కప్పుల దగ్గర. అక్కడే ఎవరి కథ ఎట్లా ఉందో, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో తెలిసేది. నలుగురు ఒకేసారి మాట్లాడే ఆ చోట నేను నవ్వుతూ నిలబడతాను. అందరూ నవ్వినప్పుడు అర క్షణం ఆలస్యంగా నవ్వుతాను. "ఏమన్నారు?" అని అడిగితే వచ్చే జవాబు "ఏం లేదులెండి". చెవుడున్న వాళ్ళకి లోకంలో అన్నిటికంటే ఎక్కువసార్లు ఎదురయ్యే మాట అదేననుకుంటాను. నా స్నేహితులంటారు, మా ఆయనంటారు, నా పిల్లలంటారు. ప్రేమగానే అంటారు.

రాసేవాళ్ళం కదా మనం, ఇంకో సంగతి కూడా అడగాలనుంది. చెవిటి ప్రభుత్వం, చెవిటి సమాజం, చెవిటివాడి ముందు శంఖం. వీటిని నేనూ నా వ్యాసాల్లో ధారాళంగా వాడాను. వినదలుచుకోనివాణ్ణి తిట్టడానికి వినలేని మనిషి పేరు ఎందుకు వాడుతున్నానని 33 ఏళ్ళు వచ్చేదాకా అనుకోలేదు. మా నాయనమ్మ అమ్మని అన్నది కూడా అదే కదా. వినలేకపోవడాన్ని వినదలుచుకోకపోవడంగా చదివింది. నా వ్యాసాలు తిరగేసి అదే చేశాయి. స్త్రీల గొంతు గురించి మనం బోలెడు రాశాం. గొంతు విప్పడం, గొంతు నొక్కడం, గొంతు కలపడం. చెవి గురించి అంత రాయలేదు.

హారియెట్ మార్టినో రాసింది. ఆవిడ 1802లో పుట్టిన ఇంగ్లీషు రచయిత్రి. అర్థశాస్త్రం, బానిసత్వం, స్త్రీల స్థితి అన్నిటి గురించీ రాసింది. చిన్నతనంలో మొదలైన చెవుడు యౌవనం నాటికి ముదిరింది. 1834లో చెవుడున్న వాళ్ళని ఉద్దేశించి ఒక ఉత్తరం అచ్చువేసింది. చెవుడుని దాచుకుని నవ్వుతూ తల ఊపవద్దని, అందరూ నవ్వుతారని సిగ్గుపడకుండా చెవి బూర పెట్టుకోమని దాని సారం. ఆ బూర పట్టుకునే రెండేళ్ళు అమెరికా అంతా తిరిగి ఒక దేశం గురించి పెద్ద పుస్తకం రాసింది. చెవిటి మనిషి పరదేశాన్ని ఎట్లా అర్థం చేసుకుంటుందని విమర్శకులు అంటారని ఆవిడకి తెలుసు. బూర ముందు ఒక్కొక్కరే వచ్చి కూర్చుని మాట్లాడాల్సి రావడం వల్ల గుంపులో దొరకని మనసులో మాటలు తనకి దొరికాయని రాసుకుంది. చదివి నేను మిషను కనబడకుండా జుట్టు ముందుకి దువ్వుకోవడం మానేశాను. పూర్తిగా మానేశానని చెప్పను. పెళ్ళిళ్ళకి వెళ్ళేటప్పుడు దువ్వుకుంటాను.

పెదవులు చూసి ఎంత అర్థం చేసుకుంటున్నానో 2020లో మాస్కులు వచ్చేదాకా నాకే తెలియదు. కూరగాయలబ్బాయి, బ్యాంకు గుమాస్తా, టీకా వేసే నర్సు, అందరూ ఒక్కసారిగా మూగబోయారు. చట్టం దృష్టిలో నేను వికలాంగురాలిని కాను. 2016 చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ మాటల స్థాయిలో 60 డెసిబెళ్ళు పోతేనే వినికిడి లోపం, 70 పోతే బధిరత్వం. నాకు ఒక చెవి బాగుచేశారు కాబట్టి లెక్కలోకి రాను. దానికి బాధ లేదు. ఎటూ కానితనానికి ఒక పేరుంటే బాగుండునని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

నా జబ్బు తేలిన కొద్ది నెలలకే, 2000లో, అమ్మని అదే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అప్పటికి నాన్నగారు లేరు, నాయనమ్మ లేదు. అమ్మకి 57 ఏళ్ళు. గాజుగదిలో కూర్చోబెట్టి చెవులకి బూరలు తగిలించి, శబ్దం వస్తే చెయ్యెత్తమన్నారు. అమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. చాలాసేపు చెయ్యెత్తలేదు. కాగితం మీద గీత కిందికి, ఇంకా కిందికి దిగింది. జబ్బు నూకతో ఆగకుండా లోచెవిలోకీ పాకిందని, నరం వైపు కూడా చాలా పోయిందని, ఇప్పుడు ఆపరేషను చేసినా కొద్ది మేరకే లాభమని డాక్టరు చెప్పింది. "ఇరవై, పాతికేళ్ళ కిందట అయితే..." అని ఆగిపోయింది. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. అమ్మ నా మొహం చూసే సంగతి గ్రహించేది కాబట్టి.

బస్సులో ఇంటికి వస్తూ అమ్మ తనంతట తానే అంది. "అయితే నాకు నిజంగానే ఉందన్నమాట." అంటూ సంచిలోంచి ఆ గీతల కాగితం తీసి మళ్ళీ చూసుకుంది. పాతికేళ్ళుగా అందరూ అన్న మాట ఆవిడ కూడా కొంత నమ్మేసిందని నాకు అప్పుడు అర్థమైంది. తాను సరిగ్గా వినడం లేదేమో, మనసు పెట్టడం లేదేమో అనుకునేదట. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో పట్టు చీరల కింద దాచుకుంది. 2011లో ఆవిడ పోయాక చీరలు పంచుకుంటుంటే బయటపడింది.

ఆవిడకి నేను ఆ పిండిమర సంగతి చెప్పాలనుకున్నాను. క్షమాపణ గట్టిగా అరిచి చెప్పే విషయం కాదు. మామూలు గొంతుతో అంటే ఆవిడకి వినపడదు, వినపడేట్టు అంటే వీధి వీధంతా వినపడుతుంది. కాగితం మీద రాయడానికి కూర్చుంటే తెలుగు లెక్చరరు భాష వచ్చేది, చించేసేదాన్ని. 2002 వేసవిలో కారం పట్టించడానికి ఇద్దరం మరకి వెళ్ళాం. కొత్త మర, పాత రొదే. ఇక్కడైతే చెప్పొచ్చు అనుకున్నాను. అమ్మ చెవి దగ్గర నోరు పెట్టి, "నేను చిన్నప్పుడు ఇక్కడి నుంచి ఇంటికెళ్ళి నాయనమ్మతో నీ గురించి ఒక మాట చెప్పానమ్మా" అన్నాను. నరం దెబ్బతిన్నాక రొదలో వినపడే ఆ సౌకర్యం కూడా పోతుంది. ఆ సంగతి నాకు చదివి తెలుసు, అక్కడ గుర్తు రాలేదు. అమ్మ నా పెదవుల వైపు చూసింది. కారం ఘాటుకి ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు.

"ఏంటే?" అంది.

"ఏం లేదులే" అన్నాను.

మా అమ్మాయికి ఇప్పుడు 28 ఏళ్ళు. బెంగుళూరులో ఉద్యోగం. సంబంధాలు చూస్తున్నాం. "చెవుల సంగతి పెళ్ళయ్యేదాకా ఎత్తకండి వదినా, ఆపరేషనుతో బాగయ్యేదానికి ఎందుకు లేనిపోని గొడవ" అని మా మరదలు సలహా ఇచ్చింది. మరదలు మంచిదే, లోకం తెలిసిన మనిషి. నేను చెబుతాననే అంటున్నాను. మా అమ్మాయి ఆ విషయంలో ఇంకా ఏమీ తేల్చలేదు. పోయిన నెల ఫోనులో మాట్లాడుతుంటే రెండుసార్లు "ఏంటమ్మా?" అంది. లైను బాగా లేదంది. నా చెవితో లైను సంగతి చెప్పగలిగేది నేను కాదు కాబట్టి పరీక్ష చేయించుకోమన్నాను. ప్రాజెక్టు పని అయ్యాక వెళతానంది. ఉగాదికి వచ్చినప్పుడు నేనే తీసుకెళదామని డాక్టరమ్మ దగ్గర టైము తీసుకుని పెట్టాను. అమ్మ కాగితం, నా కాగితాలు ఒకే ఫైలులో ఉన్నాయి. అది కూడా వెంట తీసుకెళ్ళాలి.